అంకె వేస్తే మాట ఇచ్చినట్టే

వినాయక చవితి ముందు రోజు విజయవాడ పటమట రైతుబజారు దగ్గర పత్రి అమ్మేవాళ్ల ముందు ఎంత రద్దీగా ఉంటుందో మీకు తెలిసిందే. అక్కడ చాలామంది చేతిలో ఒక పల్చటి వ్రతకల్పం పుస్తకం కనిపిస్తుంది. అట్ట మీద రంగుల్లో వినాయకుడి బొమ్మ, లోపల పూజా విధానం, శమంతకమణి కథ, ఇరవై ఒక్క పత్రాల పేర్లు. మాచీపత్రంతో మొదలై అర్కపత్రంతో ముగిసే ఆ వరస చూసుకుంటూ ఒక్కో ఆకే ఏరుకుంటారు. ఈ పుస్తకం డబ్బు పెట్టి కొన్నది కాదు. ఏ బట్టల కొట్టువాళ్లో, బంగారం కొట్టువాళ్లో ఊరికే ఇచ్చింది. వాళ్ల పేరు వెనక అట్ట మీద ఉంటుంది. పండగ వెళ్లాక కూడా ఆ పుస్తకాన్ని ఎవరూ పారేయరు. దేవుడి అలమారలో పెట్టి, మళ్లీ ఏడు తీస్తారు.

వ్యాపారం పెంచుకోవడానికి జాబితా రూపంలో రాసే రాతలకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. "ఇల్లు కొనేముందు చూసుకోవలసిన పది విషయాలు", "ఎండాకాలంలో బండికి ఏడు జాగ్రత్తలు" లాంటివి ఈరోజు ప్రతి ఫోనులోనూ కనిపిస్తున్నాయి. కొట్టు పెట్టినవాళ్లు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు, అపార్టుమెంట్లు కట్టేవాళ్లు అందరూ ఇలాంటివి రాయిస్తున్నారు. వాటిలో ఎక్కువ భాగం చదివిన గంటకే మరిచిపోతాం. వ్రతకల్పం పుస్తకం మాత్రం ఏళ్ల తరబడి ఇంట్లో ఉంటుంది. తేడా ఎక్కడుందో కాస్త ఆలోచిద్దాం.

మొదటి తేడా అంకెలోనే ఉంది. ఇరవై ఒకటి అన్నది కొట్టువాడు పెట్టిన లెక్క కాదు, పూజలో ఉన్న లెక్క. ఇరవై రెండోదిగా తన సరుకును చేర్చాలని ఏ వ్యాపారీ అనుకోలేదు. ఇప్పటి జాబితాలు చాలావరకు పది అనే అంకెను ముందు వేసుకుని, తరువాత విషయాలు వెతుక్కుంటాయి. నాలుగింటిలో సరుకు ఉంటుంది. మిగిలిన ఆరూ ఆ నాలుగింటినే మాట మార్చి చెబుతాయి. చదివేవాడికి అది అయిదో అంశం దగ్గరే తెలిసిపోతుంది, ఇక మొదటి నాలుగింటిని కూడా నమ్మడు. చెప్పవలసినవి ఆరే ఉంటే ఆరు అనే వేయాలి. అంకె వేశామంటే అన్ని కొత్త సంగతులు చెబుతామని మాట ఇచ్చినట్టే.

ఇక ఆ సంగతులు ఎక్కడి నుంచి రావాలన్నది అసలు ప్రశ్న. దీనికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. పటమటను ఆనుకునే ఆటోనగర్ ఉంది. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే రహదారీ, హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్లే రహదారీ ఈ ఊళ్లోనే కలుస్తాయి కాబట్టి, దేశం నలుమూలల లారీలూ ఇక్కడికి వస్తాయి. బాడీ కట్టేవాళ్లు, కమాను కట్టలు వేసేవాళ్లు, రేడియేటర్లు బాగుచేసేవాళ్లు, డెంటింగు, పెయింటింగు, సీట్లు, ఎలక్ట్రికల్ పనివాళ్లు, ఎవరి షెడ్డు వాళ్లది. జవహర్ ఆటోనగర్ 1960లలో మొదలైంది. అప్పటి నుంచి అక్కడ పోగైన అనుభవం ఇంజనీరింగు కాలేజీల్లో దొరికేది కాదు. అయితే ఆ అనుభవంలో కాగితం మీదకు వచ్చింది చాలా తక్కువ.

ఒక షెడ్డు యజమాని తన పని గురించి నలుగురికీ తెలియాలని అనుకున్నాడనుకోండి. బోర్డు రాయిస్తాడు, కరపత్రం వేయిస్తాడు. "అన్ని రకాల లారీ పనులు చేయబడును, నాణ్యతకు మారుపేరు" అని. ఆ మాట పక్క షెడ్డు బోర్డు మీదా ఉంటుంది, ఎదురు షెడ్డు బోర్డు మీదా ఉంటుంది. దానికి బదులు ఆయన మేస్త్రీని ఒక్క ప్రశ్న అడగాలి: "డ్రైవర్లు నిన్ను రోజూ అడిగేదేమిటి?" అని. అక్కడ మొదటగా వినిపించే మాట ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. బండికి ఎఫ్‌సీ చేయించాలి, ఏమేం చూసుకోవాలి మేస్త్రీ, పోయినసారి వెనక్కి పంపేశారు, ఒక రోజు బాడుగ పోయింది, అంటాడు డ్రైవరు. రవాణా వాహనానికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. అంటే ఈ ప్రశ్న అడిగేవాళ్లకు ఎప్పుడూ కొదవ ఉండదు. "ఎఫ్‌సీకి వెళ్లేముందు బండిలో చూసుకోవలసినవి" అన్నది జాబితాకు తగిన విషయం. ఎందుకంటే అక్కడ పరీక్ష కూడా ఒక జాబితా ప్రకారమే జరుగుతుంది.

ఇప్పుడు రాయడం చూద్దాం. "టైర్లు బాగుండాలి" అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. టైర్లు బాగుండాలని తెలియనివాడు లారీ తోలడు. "టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, గాడిలో అరుగుదల తెలిపే చిన్న మెట్టు ఉంటుంది, టైరు దాని దాకా అరిగితే మార్చాల్సిందే" అని రాస్తే డ్రైవరు వెంటనే దిగి వెళ్లి చూస్తాడు. "రిఫ్లెక్టర్లు ఉండాలి" అనడం కాదు. ముందు తెల్లది, వెనక ఎర్రది, పక్కల పసుపుది టేపు ఉండాలని చెప్పాలి. మట్టి కొట్టుకుపోయిన టేపు ఉన్నా లేనట్టేనని చెప్పాలి. రాత్రిపూట రోడ్డు పక్కన ఆగిన లారీ వెనక వచ్చేవాడికి కనపడేది దాని వల్లనేనని కూడా ఒక్క వాక్యంలో చెప్పాలి. చేయవలసిన పని, దాని కొలత, దాని కారణం. ఈ మూడూ ఉంటేనే అది అంశం. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దాన్ని జాబితాలోంచి తీసేయడమే మేలు.

వరస కూడా ముఖ్యమే. చాలామంది గొప్ప విషయం ముందు, చిన్న విషయం చివర అని పేరుస్తారు. బండి విషయంలో అది కుదరదు. డ్రైవరు బండి చుట్టూ నడిచే వరసలో రాయాలి. ముందు హెడ్‌లైట్లు, వైపర్లు, ఇండికేటర్లు, తరువాత ఎడమ పక్క టైర్లు, పక్క గార్డు, వెనక లైట్లు, టేపు, వెనక గార్డు, కుడి పక్క, ఆ తరువాత క్యాబిన్‌లోకి ఎక్కి బ్రేకు, హారను, స్పీడ్ గవర్నరు, చివర ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు. ఒక్కసారి చుట్టివస్తే పని అయిపోవాలి. వంటకైతే వండే వరస, పెళ్లి సామానుకైతే కొట్టు కొట్టుకూ తిరిగే వరస, వరి సాగుకైతే నారుమడి నుంచి కోత దాకా కాలం వరస. పని ఎలా జరుగుతుందో తెలిసినవాడికే ఈ వరస దొరుకుతుంది. అందుకే ఇలాంటి రాత డబ్బిచ్చి బయటివాళ్లతో రాయించినప్పుడు తేలిపోతుంది. వాళ్లు రాయడం రానివాళ్లని కాదు, బండి చుట్టూ నడవనివాళ్లు. రాసేవాడు బయటివాడైనా ఫరవాలేదు, ముందు ఒక పూట షెడ్డులో కూర్చుని వినాలి.

వ్యాపారి తన సరుకు పక్కన పెట్టి జనానికి అక్కరకొచ్చే జాబితా ఇవ్వడం వల్ల లాభమేమిటని అడిగేవారికి ఫ్రాన్స్‌లో జరిగిన సంగతి చెబుతాను. 1900లో, పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగిన ఏడాది, ఆంద్రే, ఎడ్వార్ అనే మిషలిన్ అన్నదమ్ములు ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. వాళ్లది టైర్ల కంపెనీ. అప్పటికి ఫ్రాన్స్ దేశం మొత్తం మీద కార్లు మూడు వేలు కూడా లేవు. అయినా సుమారు 35,000 ప్రతులు వేసి ఉచితంగా పంచారు. పుస్తకమంతా జాబితాలే. ఏ ఊళ్లో మెకానిక్కు ఉన్నాడు, ఎక్కడ పెట్రోలు దొరుకుతుంది, ఎక్కడ బస చేయవచ్చు, టైరు ఎలా మార్చుకోవాలి. కారున్నవాడు ధైర్యంగా దూరం వెళితే టైరు అరుగుతుంది, అరిగితే కొత్తది కొంటాడు. అది వాళ్ల లెక్క. 1920 నుంచి ఆ పుస్తకానికి ఏడు ఫ్రాంకుల వెల పెట్టారు. 1926 నుంచి మంచి భోజనశాలలకు నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచంలో గొప్ప వంటవాళ్లు ఆ నక్షత్రం కోసం తపిస్తారు. మెకానిక్కుల జాబితాతో మొదలైన పుస్తకం అది. ఆటోనగర్ ఉన్న ఊరివాళ్లం ఈ సంగతిని కాస్త శ్రద్ధగా చూడాలి.

ఎన్ని అంశాలు ఉండాలన్న దాని మీద ఒక మాట. 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషి ఒక్కసారిగా మనసులో పట్టుకోగలిగేవి ఏడు, అటూ ఇటూ రెండు అని ఒక వ్యాసం రాశారు. తరువాతివాళ్లు నాలుగే అన్నారు. అయితే ఇది విని గుర్తుపెట్టుకోవలసిన వాటికి వర్తిస్తుంది. చేతిలో పట్టుకుని టిక్కు పెట్టుకునే జాబితాకు ఇరవై ఒకటి ఉన్నా బరువు కాదు. కాబట్టి రేడియోలో చెప్పేదానికి, గోడ మీద రాసేదానికి అయిదు చాలు. ఎఫ్‌సీ కాగితానికి పద్దెనిమిది కావాలంటే పద్దెనిమిదీ ఉండనివ్వండి.

మరీ పెద్ద సంఖ్య అయినా జనం నోళ్లలో నిలిచిన పద్ధతి ఒకటి మనకు ఉంది, అది శతకం. వంద పద్యాలు, నూట ఎనిమిది పద్యాలు. కృష్ణా జిల్లావాళ్లకు కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం తెలుసు. ఘంటసాల దగ్గరి శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువు మీద చెప్పిన శతకం. దేవుణ్ణి నిందిస్తున్నట్టే స్తుతిస్తాడు. అందులో ఏ పద్యానికి ఆ పద్యం విడిగా నిలబడుతుంది. ముప్పయ్యో పద్యం అర్థం కావడానికి ఇరవై తొమ్మిదోది చదివి ఉండనక్కర్లేదు. ఎవరికి నచ్చిన పద్యాన్ని వాళ్లు నోటికి నేర్చుకుని ఇంకొకరికి చెప్పవచ్చు. ఎంత దూరం వెళ్లినా చివర మకుటం ఉంటుంది కాబట్టి అది ఎవరి శతకంలోదో తెలిసిపోతుంది. నేను భక్తికవిత్వాన్నీ వ్యాపారాన్నీ ఒక గాటన కట్టడం లేదు. ఆ కూర్పులోని తెలివిని గమనించమంటున్నాను. మీ జాబితాలో ఏడో అంశాన్ని ఎవరైనా విడదీసి ఇంకొకరికి పంపితే అది ఒంటరిగా అర్థం కావాలి. దాని అడుగున మీ షెడ్డు పేరు చిన్న అక్షరాల్లో ఉండాలి. "పైన చెప్పినట్టు" అన్న మాట ఎక్కడా రాకూడదు.

పేరు పెట్టడం గురించి ఎక్కువ చెప్పను. ఏలూరు రోడ్డు పుస్తకాల కొట్ల మీదుగా వెళ్లినవాళ్లు యండమూరి వీరేంద్రనాథ్ "విజయానికి ఐదు మెట్లు" చూసే ఉంటారు. విజయవాడ నవసాహితి ప్రచురణ. ఏమి దొరుకుతుందో, ఎన్ని అడుగుల్లో దొరుకుతుందో మూడు మాటల్లో ఉంది. అది పాఠకుల మనసులో ఎంత నాటుకుందంటే, తరువాత ఒక పుస్తకానికి "విజయానికి ఆరో మెట్టు" అని పెడితే ఎవరికీ వివరించవలసిన పని లేకపోయింది. ఎవరి కోసం, ఏ పని కోసం అన్నది పేరులోనే తెలియాలి. "షాకయ్యే నిజాలు", "మూడోది చూస్తే నమ్మలేరు" అని పెట్టేవాళ్లు ఒక్కసారి తలుపు తట్టించుకోగలరు, రెండోసారి ఎవరూ రారు.

రాసింది జనానికి చేర్చడం రాయడం కంటే కష్టం. ఈ విద్యలో కృష్ణా జిల్లావాడే మనకు గురువు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో ఎలకుర్రులో పుట్టారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. కొత్త మందు, తెలియని పేరు. ఆయన సంగీత సభల్లో దాన్ని ఊరికే పంచిపెట్టారు. జనం గంటల తరబడి కూర్చునే చోటు అది. తల నొప్పెట్టినవాడు అక్కడికక్కడే రాసుకుని చూస్తాడు, పక్కవాడు అదేమిటని అడుగుతాడు. 1908లో అదే బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది. మందు అమ్మిన డబ్బు పత్రికకూ, గ్రంథమాలకూ, జాతీయోద్యమానికీ వెళ్లింది. దేశోద్ధారక అని తెలుగువాళ్లు ఆయనను పిలుచుకున్నారు. ప్రచారం అంటే అరవడం కాదని, అవసరం పుట్టే చోట ముందుగా ఉండడమని ఆయన పద్ధతి చూస్తే అర్థమవుతుంది.

మన ఎఫ్‌సీ జాబితాకు ఆ చోటు ఏది? షెడ్డు రిజిస్టరులోనే ఉంది. పని చేయించుకున్న ప్రతి బండి నంబరూ, యజమాని ఫోనూ అక్కడ ఉంటాయి. బండి వచ్చినప్పుడే ఎఫ్‌సీ తేదీ కూడా రాసి పెట్టుకుని, గడువుకు పదిహేను రోజుల ముందు ఆ జాబితా ఆ ఒక్కరికే పంపితే చాలు. అందరికీ ఒకేరోజు పంపిన సందేశం ఎవరికీ అక్కర్లేని రోజున వెళుతుంది. కాగితం మీద అచ్చువేసి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో, పెట్రోలు బంకుల్లో, డ్రైవర్లు టీ తాగే చోట అంటించవచ్చు. మన రోడ్ల మీద తిరిగే డ్రైవర్లందరూ తెలుగువాళ్లు కారు, హిందీలో ఒక ప్రతి ఉండాలి. చదవడం రానివాళ్లకు రెండు నిమిషాల మాటగా రికార్డు చేసి పంపాలి, మేస్త్రీ గొంతుతోనే. అద్దెకు తెచ్చిన కమ్మని గొంతు కంటే, రోజూ వినే గొంతును డ్రైవరు నమ్ముతాడు.

ఒకే జాబితాను విడదీసి వారానికి ఒక అంశం చొప్పున చెప్పుకుంటూ పోతే పద్దెనిమిది వారాలు వస్తుంది. వర్షాలకు ముందు వైపర్లు, పట్టా. మంచు పడే రోజుల్లో టేపు, వెనక లైట్లు. మే నెలలో రేడియేటరు, టైర్లలో గాలి. కాలానికి తగ్గదాన్ని ముందుకు తేవాలి. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో ఉషశ్రీగారు ధర్మసందేహాలు చెప్పిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. శ్రోతలు ఉత్తరాలు రాసేవారు, ఆయన ఒక్కో ప్రశ్న తీసుకుని జవాబు చెప్పేవారు. ఆ కార్యక్రమానికి విషయం కొరత ఎన్నడూ రాకపోవడానికి కారణం, అది శ్రోత ప్రశ్నతో మొదలవడమే. మీ జాబితా అడుగున కూడా "ఇందులో లేనిది ఏదైనా ఉంటే అడగండి" అని రాయండి. వచ్చిన ప్రశ్నలే తరువాతి జాబితా.

ఒక హెచ్చరిక తప్పనిసరి. "షుగరును తగ్గించే అయిదు ఆకులు" అంటూ మందులు అమ్ముకునేవారి జాబితాలు రోజూ తిరుగుతున్నాయి. మధుమేహం లాంటి జబ్బులు నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి ఔషధాల, మాయ చికిత్సల చట్టం కిందే నేరం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. "విజయవాడలో మంచి పది హోటళ్లు" అని రాసి, డబ్బిచ్చినవాళ్ల పేర్లే అందులో వేసి, ఆ సంగతి దాచడం నా దృష్టిలో చదివేవాడి జేబులో చేయి పెట్టడమే. డబ్బు తీసుకుంటే ఆ మాట చెప్పాలి. 2022 జూన్‌లో ప్రకటనల మీద వచ్చిన మార్గదర్శకాలు కూడా అలాంటి సంబంధాన్ని బయటపెట్టమనే అంటున్నాయి.

మళ్లీ ఆటోనగర్ దగ్గరికే వస్తాను. ఇంజను శబ్దం విని ఏ వాల్వు పాడైందో చెప్పే మేస్త్రీలు పెద్దవాళ్లవుతున్నారు. వాళ్ల పిల్లలు చాలామంది వేరే ఉద్యోగాల్లోకి వెళ్లారు. తాము చేసిన పని రాయదగ్గదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వ్యాపారం కోసమైనా సరే, ఆ అనుభవం ఈ జాబితాల రూపంలో కాగితం మీదకు వస్తే అది ఊరికి మిగులుతుంది. ఇంట్లో రాయగలిగిన కుర్రవాడో అమ్మాయో ఉంటే ఒక ఆదివారం మేస్త్రీ పక్కన కూర్చోబెట్టండి. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాయనివ్వండి. రాశాక చదివి వినిపించండి. "ఇది ఇలా కాదు" అన్న చోట కొట్టేయండి, "ఇంకోటుంది" అన్న చోట చేర్చండి. అప్పుడు లెక్కపెట్టి, ఎన్ని వస్తే అన్నే అంకె పైన వేయండి. రాసిన తేదీ వేయడం మరవకండి. నిబంధన మారినప్పుడు పాత కాగితం చింపేసి కొత్తది అంటించాలి.